అగ్గిపెట్టెల పాఠశాల

పెద్దలారా, యంత్రమునకు తెలివి నేర్పు విద్య గణితము రానివారికి అందదని పలువురు తలంతురు. నేనట్లు తలంపను. 1961లో ఎడింబరోలో డోనాల్డ్ మిచీ అను శాస్త్రజ్ఞుడు కంప్యూటరు లేకయే 304 అగ్గిపెట్టెలతో ఆట నేర్చు యంత్రమును కట్టెను. తొమ్మిది గడులలో సున్నలు, ఇంటూలు వేయుచు మూడింటిని వరుస గూర్చు పిల్లల ఆటయే అది. ఆటలో ఏర్పడు ఒక్కొక్క స్థితికి ఒక్కొక్క పెట్టె. దానిలో రంగురంగుల పూసలు. రంగు గడికి గుర్తు. పెట్టెను కుదిపి, వచ్చిన పూస చెప్పిన గడిలో ఆడవలెను. గెలిచినచో ఆడిన ప్రతి పెట్టెలో ఆ రంగు పూసలు మరి మూడు చేర్తురు, సమమైనచో ఒకటి, ఓడినచో వచ్చిన పూసను తీసివేయుదురు. ఆటలు సాగినకొలది మంచి ఎత్తుల పూసలు పెరిగి, ఓటములు తగ్గును.

పెట్టెలకు ఆట అర్థము తెలియదు సుమా! నేటి యంత్రముల లెక్క వేరు, మిక్కిలి పెద్దది. అయినను తప్పొప్పులను బట్టి లోపలి సంఖ్యలు మారుట వానికిని కలదు. కావున పైరుకు ఏ మందు చల్లవలెనో ఫోను చెప్పినప్పుడు, ఈ పూసలు ఏ నేలల పంటలు చూచి చేర్చినవని అడుగవలెను. మన నేల వానిలో లేకున్న, నష్టము మనదే.

304 పెట్టెలు కష్టమందురా? 1962లో అమెరికా రచయిత మార్టిన్ గార్డ్నర్ చెరి మూడు బంట్ల చిన్న చదరంగమునకు 24 పెట్టెలు చాలునని చూపెను. మనుమలను కూర్చుండబెట్టుకొని దానితో మొదలిడుడు.