100 గ్రాముల బియ్యానికి ఎంత ఊపిరి?

ఒక మనిషి పూట భోజనానికి 100 గ్రాముల బియ్యం వండామనుకుందాం. అందులో దాదాపు 78 గ్రాములు పిండిపదార్థం. మిగిలింది తేమ, కాస్త మాంసకృత్తులు, పిసరంత కొవ్వు. ఆ 78 గ్రాముల పిండిపదార్థం ఒంట్లో పూర్తిగా ఖర్చు కావాలంటే 92 గ్రాముల ఆక్సిజన్ కావాలి. నోట్లోంచి వెళ్లిన సరుకు కంటే ముక్కులోంచి వెళ్లాల్సిన సరుకే బరువెక్కువ!

ఊరికే కూర్చున్న మనిషి నిమిషానికి సుమారు 250 మిల్లీలీటర్ల ఆక్సిజన్ వాడుకుంటాడు. ఆ లెక్కన ఈ అన్నం ఖర్చయ్యేసరికి నాలుగు గంటలు దాటుతుంది. నిమిషానికి 12 సార్లే ఊపిరి తీసుకున్నా 3,000 పైచిలుకు శ్వాసలు. ఆఖరుకు తేలేది 127 గ్రాముల కార్బన్ డయాక్సైడ్, 43 గ్రాముల నీరు. కూడి చూడండి. లోపలికి వెళ్లింది 78, 92 కలిపి 170. బయటికి వచ్చింది 127, 43 కలిపి 170. గ్రాము తేడా లేదు.

బడిలో జీర్ణవ్యవస్థ ఒక పాఠం, శ్వాసవ్యవస్థ ఇంకో పాఠం. బొమ్మలు వేరు, ప్రశ్నలు వేరు, మార్కులు వేరు. అలా విడదీసి చదవడం వల్ల అసలు సంగతి పిల్లలకు అందకుండా పోతోందని నాకు గట్టిగా అనిపిస్తుంది. ఈ రెండూ ఒకే జమాఖర్చుల పుస్తకంలో ఎదురెదురు పేజీలు. తిన్నదంతా మలంగా పోతుందని పెద్దవాళ్లు కూడా అనుకుంటారు. కానీ మలం రోజుకు 100 నుంచి 200 గ్రాములు, అందులో నాలుగింట మూడు వంతులు నీరే. మిగిలిన కాస్తలో పెద్ద వాటా పేగుల్లోని సూక్ష్మజీవులదీ, అరగని పీచుదీ. అన్నంలోని కార్బన్ ఒంట్లోంచి వెళ్లిపోయే పెద్ద దారి ముక్కే.

కొవ్వుకూ ఇదే లెక్క. 2014లో రూబెన్ మీర్‌మన్, ఆండ్రూ బ్రౌన్ అనే ఆస్ట్రేలియా పరిశోధకులు బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో దీన్ని గ్రాములతో సహా వేసి చూపించారు. 10 కిలోల కొవ్వు కరిగితే ఆ పదిలో 8.4 కిలోలు కార్బన్ డయాక్సైడ్‌గా ఊపిరిలో పోతుంది. 1.6 కిలోలు నీరవుతుంది. ఆ పని జరగడానికి పీల్చుకోవాల్సిన ఆక్సిజన్ 29 కిలోలు. బరువు తగ్గిన మనిషి ఆ బరువును ఎక్కడ వదిలాడని వాళ్లు డాక్టర్లను, ఆహార నిపుణులను, జిమ్ శిక్షకులను అడిగితే, ఎక్కువమంది కొవ్వు శక్తిగా మారిపోయిందన్నారు. పదార్థం అలా మాయం కాదు.

అలాగని గబగబా ఊపిరి తీస్తే సన్నబడతామనుకుంటే పొరపాటు. కండరాలు పనిచేసి కార్బన్ డయాక్సైడ్‌ను తయారు చేస్తేనే వదలడానికి సరుకుంటుంది. ఊరికే రొప్పితే రక్తంలో ఉండాల్సిన కార్బన్ డయాక్సైడ్ కూడా తగ్గి కళ్లు తిరుగుతాయి, వేళ్లు తిమ్మిరెక్కుతాయి.

ఇక పళ్లెం పేజీకి వద్దాం. అన్నం ముద్ద అరగడం నోట్లోనే మొదలవుతుంది. లాలాజలంలోని అమైలేజ్ అనే ఎంజైము పిండిపదార్థాన్ని విడగొట్టడం మొదలుపెడుతుంది. అన్నాన్ని కాసేపు నమిలితే తియ్యగా అనిపించేది అందుకే. మింగిన ముద్ద 25 సెంటీమీటర్ల ఆహారనాళాన్ని పది సెకన్లలోపే దాటి జీర్ణాశయంలో పడుతుంది. అక్కడ రెండు నుంచి నాలుగు గంటలు నానుతుంది. తర్వాత చిన్నపేగు.

జీర్ణం అనగానే అందరూ ఆమ్లాల గురించి, ఎంజైముల గురించి అడుగుతారు. నన్ను అడిగితే ముందు నీళ్ల లెక్క చూడమంటాను. రోజుకు మనం తాగేది, తిండిలో వచ్చేది కలిపి 2 లీటర్లు. లాలాజలం ఒకటి, ఒకటిన్నర లీటరు. జఠర రసం 2 లీటర్లు. క్లోమరసం ఒకటిన్నర. పైత్యరసం అర నుంచి ఒక లీటరు. పేగు గోడల్లో ఊరేది ఇంకో లీటరు. అన్నీ కలిపి పేగులోకి రోజూ దిగేది 9 లీటర్ల దాకా. ఇందులో మలంతో పోయేది 200 మిల్లీలీటర్ల లోపే. మిగతాదంతా పేగు తిరిగి రక్తంలోకి లాగేసుకుంటుంది. చిన్నపేగే ఏడు, ఎనిమిది లీటర్లు లాగుతుంది. నూటికి 98 పాళ్ల వసూలు! కలరా వచ్చినవాడు గంటల్లో కళ్లు పీక్కుపోయి ఎందుకు పడిపోతాడో ఈ లెక్కే చెబుతుంది. కలరా విషం వల్ల పేగు గోడలు నీళ్లను వరదలా లోపలికి వదిలేస్తాయి. వసూలు చేసుకునే శక్తి పేగుకు చాలదు.

అయితే ఆ విషం తాకని తలుపు ఒకటి మిగిలింది. గ్లూకోజును లోపలికి తీసుకునే దారి. అక్కడ ఒక గ్లూకోజు అణువు రెండు సోడియం అయాన్లను వెంటబెట్టుకుని లోపలికి వెళుతుంది, వాటి వెనకే నీరు నడుస్తుంది. 1971లో బంగ్లాదేశ్ యుద్ధం నుంచి పారిపోయి వచ్చిన శరణార్థులతో పశ్చిమ బెంగాల్‌లోని బన్‌గావ్ నిండిపోయి, కలరా చెలరేగి, సెలైన్ సీసాలు అడుగంటాయి. అప్పుడు డాక్టర్ దిలీప్ మహలనబిస్ గ్లూకోజు, ఉప్పు, వంటసోడా కలిపిన నీళ్లను డ్రమ్ముల్లో పోయించి తాగించారు. దాదాపు 30 శాతం ఉన్న చావులు ఆయన చూసిన శిబిరంలో 3.6 శాతానికి దిగాయి.

ఆ నీళ్ల ఇవాళ్టి రూపమే ఓఆర్ఎస్. దాని కొలత: లీటరు నీటికి గ్లూకోజు 13.5 గ్రాములు, ఉప్పు 2.6, పొటాషియం క్లోరైడ్ 1.5, ట్రైసోడియం సిట్రేట్ 2.9. మొత్తం 20.5 గ్రాములు. ఈ కొలతలో గ్లూకోజు, సోడియం అణువుల లెక్కన సరిసమానం. చక్కెర ఎక్కువైతే అది పేగులోంచి నీటిని రక్తంలోకి పంపడానికి బదులు రక్తంలోని నీటినే పేగులోకి లాగుతుంది, విరేచనాలు ముదురుతాయి. లీటరుకు 100 గ్రాములు దాటిన చక్కెరతో ఉన్న పానీయాలను కూడా ఓఆర్ఎస్ పేరు తగిలించి మందుల షాపుల్లో అమ్ముతూ వచ్చారు. హైదరాబాద్ పిల్లల డాక్టర్ శివరంజని సంతోష్ దాని మీద ఏళ్ల తరబడి పోరాడారు. 2025 అక్టోబరులో కేంద్ర ఆహార భద్రతా సంస్థ ఆ పేరు వాడకూడదని ఆదేశించింది. ప్యాకెట్ కొనేటప్పుడు వెనక అచ్చేసిన గ్రాములు చదవండి. బిడ్డకు విరేచనాలైనప్పుడు ఆ చిన్న అంకెలు ప్రాణంతో సమానం.

పేగు వైశాల్యం గురించి పాత పుస్తకాలు టెన్నిస్ కోర్టంత అని రాసేవి. 2014లో స్వీడన్ పరిశోధకులు హెలాండర్, ఫాండ్రిక్స్ మళ్లీ కొలిస్తే మొత్తం 32 చదరపు మీటర్లే తేలింది. మన లెక్కలో 38 గజాలు. చిన్నపేగు లోపలి గోడను మఖమల్‌లా కప్పే ఆంత్రచూషకాలు ఒక్కొక్కటి మిల్లీమీటరు ఎత్తు కూడా ఉండవు. వాటిని కప్పిన కణాల పొర మూడు నుంచి ఐదు రోజులకోసారి పూర్తిగా కొత్తదవుతుంది.

ఇక ఊపిరి పేజీ. ఊపిరితిత్తుల వైశాల్యం పేగుకు రెట్టింపు పైనే. సుమారు 70 చదరపు మీటర్లు, 84 గజాల స్థలం. ఇది పక్కటెముకల మధ్య ఇమిడే ఉపాయం కొమ్మలు వేయడం. శ్వాసనాళం రెండుగా, అవి మళ్లీ రెండుగా, అలా 23 సార్లు చీలతాయి. చివర్లలో వాయుగోణులు అనే బుల్లి గాలి తిత్తులు. 2004లో కొలిచినప్పుడు సగటున 48 కోట్లు వచ్చాయి. ఒక్కొక్కటి మిల్లీమీటరులో ఐదో వంతు. గాలికీ రక్తానికీ మధ్య గోడ మిల్లీమీటరులో వెయ్యో వంతు కంటే పల్చన. ఎర్ర రక్తకణం ఆ గోడ పక్క నుంచి ముక్కాలు సెకనులో జారిపోతుంది. ఆక్సిజన్ నింపుకోవడానికి అందులో మూడో వంతు సమయం చాలు. మిగిలిన సమయం పరుగెత్తేటప్పటి కోసం దాచిపెట్టిన వెసులుబాటు.

ఊపిరిలో నేను అందరికీ చెప్పాలనుకునే అంకె మాత్రం 150. మనం మామూలుగా తీసుకునే శ్వాస 500 మిల్లీలీటర్లు. అందులో 150 మిల్లీలీటర్లు వాయుగోణుల దాకా చేరదు. ముక్కులో, శ్వాసనాళంలో, గొట్టాల్లో ఉండిపోయి, అలాగే బయటికి వచ్చేస్తుంది. పనికొచ్చేది 350. నిమిషానికి 15 శ్వాసలైతే మొత్తం గాలి 7.5 లీటర్లు, పనికొచ్చేది 5.25 లీటర్లు. ఇప్పుడు అదే మనిషి పైపైన రొప్పుతూ 250 మిల్లీలీటర్ల చొప్పున 30 సార్లు తీసుకున్నాడనుకోండి. మొత్తం గాలి మళ్లీ 7.5 లీటర్లే. కానీ ప్రతిసారీ 150 వృథా కాబట్టి వాయుగోణులకు చేరేది 3 లీటర్లు. రెట్టింపు శ్వాసలు, సగం కంటే కాస్త ఎక్కువ ఫలం. ఆయాసపడేవాళ్లను నెమ్మదిగా, లోతుగా గాలి తీసుకోమనేది ఇందుకే.

నిమోనియా వచ్చిన పసిబిడ్డ డొక్కలెగరేస్తుంటే జరిగేది కూడా ఇలాంటిదే. పక్కటెముకలు అంతగా ఆడుతున్నా ఒంటికి అందే గాలి చాలదు. అందుకే ప్రపంచ ఆరోగ్య సంస్థ హద్దులు పెట్టింది. రెండు నెలల్లోపు బిడ్డకు నిమిషానికి 60, రెండు నెలల నుంచి ఏడాదిలోపు 50, ఏడాది నుంచి ఐదేళ్లలోపు 40. ఆ అంకెను తాకినా, దాటినా డాక్టరు దగ్గరికి వెళ్లాలి. బిడ్డ ఏడవకుండా పడుకున్నప్పుడు చొక్కా పైకెత్తి, గడియారం చూస్తూ నిమిషం నిండా లెక్కపెట్టాలి. అర నిమిషం లెక్కపెట్టి రెట్టింపు చేస్తే పసిపిల్లల్లో లెక్క తప్పుతుంది, వాళ్ల ఊపిరి ఒక తీరున ఉండదు.

అన్నం నుంచి వచ్చిన గ్లూకోజు, ఊపిరి నుంచి వచ్చిన ఆక్సిజన్ చివరికి కణంలో పక్కపక్కకు చేరతాయి. అక్కడ తయారయ్యేది కణాలు శక్తి కోసం ఖర్చుపెట్టే ఏటీపీ. ఒంట్లో ఏ క్షణంలో చూసినా ఇది సుమారు 100 గ్రాములే ఉంటుంది. విశ్రాంతిలో ఉన్న మనిషికి రోజుకు కావాల్సింది 40 కిలోలు. అంటే ప్రతి అణువూ రోజుకు వందల సార్లు ఖర్చయి, మళ్లీ తయారవుతుంది. ఈ ఏటీపీని 1929లో వెలికితీసిన వాళ్లలో మన యల్లాప్రగడ సుబ్బారావు ఒకరు. హార్వర్డ్‌లో సైరస్ ఫిస్కేతో కలిసి ఆయన, జర్మనీలో విడిగా కార్ల్ లోమన్ అదే ఏడాది దాన్ని గుర్తించారు. 1895లో భీమవరంలో పుట్టిన సుబ్బారావు ఇద్దరు సోదరులను సంగ్రహణి వ్యాధికి పోగొట్టుకున్నారు. తానూ ఆ జబ్బుతో మంచం పట్టి లేచారు. సంగ్రహణిలో ఇందాక చెప్పుకున్న ఆంత్రచూషకాలు అణిగిపోతాయి. తిన్న తిండి పేగు దాటి రక్తంలో చేరదు, మనిషి కంచం ముందు కూర్చునే చిక్కిపోతాడు. 1940లలో లెడర్లీ ప్రయోగశాలలో సుబ్బారావు నడిపించిన బృందం ఫోలిక్ ఆమ్లాన్ని తయారు చేసింది. సంగ్రహణి రోగుల రక్తహీనతకు అది మందైంది. తిండీ ఊపిరీ కలిసే చోటును చూపించిన మనిషే, తిండి దారి మూసుకుపోయిన వాళ్లకు మందు అందించాడు. 1948లో, 53 ఏళ్లకే ఆయన పోయారు.

ఒంట్లో నిల్వలు చూస్తే ఈ రెండు పేజీలకూ పొంతన ఉండదు. గ్లైకోజన్ రూపంలో దాచిన చక్కెర అర కిలో, ఒక రోజుకు వస్తుంది. పది కిలోల కొవ్వు ఉన్న మనిషి నీళ్లు తాగుతూ వారాల తరబడి బతకగలడు. ఆక్సిజన్ నిల్వ మాత్రం ఊపిరితిత్తుల్లో, రక్తంలో, కండరాల్లో అంతా కలిపి లీటరున్నర. ఊపిరి ఆగితే నాలుగైదు నిమిషాల్లో మెదడు దెబ్బతినడం మొదలవుతుంది.

ఇంత తేడా ఉన్న ఈ రెండు దారులూ గొంతులో ఒకే చోట అడ్డంగా దాటుకుంటాయి. మింగిన ప్రతిసారీ ఊపిరి క్షణం సేపు ఆగుతుంది, స్వరపేటిక పైకి లేస్తుంది, ఉపజిహ్విక అనే మూత వాలుతుంది. ఆ సమయంలో నవ్వినా మాట్లాడినా పొలమారుతుంది. ఎవరో తలుచుకుంటున్నారంటూ ఇంట్లో వాళ్లు నెత్తి మీద తడతారు. దగ్గు గట్టిగా వస్తున్నంతసేపు భయం లేదు, దగ్గనివ్వాలి. గొంతులో పడ్డ మెతుకును బయటికి తెచ్చే శక్తి దగ్గుకే ఉంది. పసిపిల్లల సంగతి వేరు. పల్లీ గింజ శ్వాసనాళంలోకి జారితే ఎక్కువగా కుడి ఊపిరితిత్తి వైపు దిగుతుంది. ఆ కొమ్మ వెడల్పుగా, నిట్టనిలువుగా ఉంటుంది కాబట్టి. నాలుగైదేళ్లు వచ్చేదాకా పిల్లలకు గుండు పల్లీలు, వేయించిన శనగలు పెట్టకండి. పొడి చేసి పెట్టండి.

మనిషి దగ్గలేక, మాట్లాడలేక గొంతు పట్టుకుంటే మాత్రం నీళ్లు పట్టొద్దు. ముందుకు వంచి, వీపు మీద రెండు భుజాల మధ్య అరచేతి మణికట్టు వైపు భాగంతో 5 సార్లు గట్టిగా చరచాలి. రాకపోతే వెనక నిలబడి, బొడ్డుకు కాస్త పైన పిడికిలి ఆనించి, లోపలికీ పైకీ 5 సార్లు నొక్కాలి. అడ్డు తొలగే దాకా ఈ రెండూ మార్చి మార్చి చేయాలి. ఏడాదిలోపు బిడ్డకు పొట్ట మీద నొక్కకూడదు. ముంజేతి మీద బోర్లా, తల కిందికి ఉండేలా పడుకోబెట్టి వీపు మీద 5 సార్లు, తిప్పి ఛాతీ ఎముక మీద 5 సార్లు. కనబడని వస్తువు కోసం నోట్లో వేలు పెట్టి కెలకొద్దు, ఇంకా లోపలికి పోతుంది. స్పృహ తప్పితే వెంటనే 108కి ఫోన్ చేయించి, వాళ్లు వచ్చేదాకా ఛాతీ మీద నొక్కుతూ ఉండాలి, నిమిషానికి 100 నుంచి 120 సార్లు.