పది బై పన్నెండు గదికి తొలి స్పీకర్: లెక్కలు ఏం చెబుతున్నాయి?

హైదరాబాద్ చిల్కానగర్‌లో నూటయాభై గజాల ఇళ్లలో పడకగది చాలాచోట్ల పది అడుగుల వెడల్పు, పన్నెండు అడుగుల పొడవు. స్లాబు ఎత్తు కూడా దాదాపు పది అడుగులే. స్టీరియో స్పీకర్లు సొంతంగా చేసుకోవాలనుకునేవారు ఏ డ్రైవర్ కొనాలి, ఎన్ని వాట్లు అని మొదలుపెడతారు. ముందు టేపు తీసి ఈ మూడు కొలతలు రాసుకుంటే సగం డిజైన్లు వాటంతటవే పక్కకు పోతాయి.

శబ్దం సెకనుకు 343 మీటర్లు పోతుంది. ఆ అంకెను గది పొడవుకు రెట్టింపుతో భాగిస్తే, ఆ రెండు గోడల మధ్య గట్టిగా మోగే మొదటి ఫ్రీక్వెన్సీ వస్తుంది. పన్నెండు అడుగులంటే 3.66 మీటర్లు, కాబట్టి 47 హెర్ట్జ్. పది అడుగులకు 56 హెర్ట్జ్. మన గదిలో వెడల్పూ ఎత్తూ రెండూ పదే కనుక 56 దగ్గర రెండు మోతలు ఒకదానిపై ఒకటి పడతాయి. బేస్ గిటార్ అడుగు తీగ 41 హెర్ట్జ్. అక్కడి నుంచి మీటుతూ పైకి వస్తుంటే ఒకటి రెండు స్వరాలు మాత్రం గది అంతా నిండిపోయి, పక్కవి మామూలుగా వినిపించడానికి కారణం ఇదే. స్పీకర్ తప్పు కాదు.

ఇంకో సంగతి. అమెరికా నుంచి వచ్చే డిజైన్లు చాలావరకు చెక్క ఫ్రేముకు జిప్సం బోర్డు కొట్టిన ఇళ్లలో విని సరిచేసినవి. ఆ గోడ కాస్త కదులుతుంది, బేస్‌ను కొంత మింగుతుంది. సిమెంటు పూసిన ఇటుక గోడ దాదాపు ఏమీ మింగదు. అందుకే "30 హెర్ట్జ్ దాకా దిగుతుంది" అనే పెద్ద టవర్ డిజైన్ మన చిన్న గదిలో గుబగుబలాడుతుంది. 55, 60 హెర్ట్జ్ దగ్గర ఆగిపోయే చిన్న పెట్టె ఇక్కడ నిండుగా వినిపిస్తుంది.

ఇక వాట్ల సంగతి. 85 డెసిబెల్ సెన్సిటివిటీ ఉన్న స్పీకర్‌కు ఒక వాట్ ఇస్తే మీటరు దూరంలో 85 డెసిబెల్ వస్తుంది. మనం రెండు మీటర్ల దూరంలో కూర్చుంటే 6 తగ్గి 79. స్పీకర్లు రెండు కనుక 3 కలిపితే 82. గది గోడలు ఇంకాస్త కలుపుతాయి, దాన్ని వదిలేద్దాం. ఒక్క వాట్‌కే ఇంత మోత. నివాస ప్రాంతాల్లో పగలు 55, రాత్రి 45 డెసిబెల్ దాటకూడదని 2000 నాటి శబ్ద కాలుష్య నియమాలు చెబుతున్నాయి. బోనాల డీజే బండి వీధిలోకి వచ్చినప్పుడు ఆ అంకె ఎవరికీ గుర్తుండదు, అది వేరే సంగతి.

పాటలో ఎగిసిపడే క్షణాలకు 95 డెసిబెల్ కావాలనుకుందాం. 82 నుంచి 13 డెసిబెల్ పైకి వెళ్లాలి. ప్రతి 3 డెసిబెల్‌కు పవర్ రెట్టింపు కనుక స్పీకర్‌కు 20 వాట్లు సరిపోతాయి. అదే 82 డెసిబెల్ స్పీకరైతే 40 వాట్లు, 88దైతే 10. ఇక్కడ చిన్న క్లాస్-డి ఆంప్లిఫయర్ బోర్డులు కొనేవారు ఒకటి చూసుకోవాలి. బోర్డు మీద ఎన్ని వాట్లు అచ్చువేసినా, బ్రిడ్జ్ పద్ధతిలో నడిచే ఆ బోర్డు శుభ్రంగా ఇవ్వగలిగేది సరఫరా వోల్టేజీ వర్గాన్ని స్పీకర్ ఓమ్స్‌కు రెట్టింపుతో భాగించినంతే. 12 వోల్టుల అడాప్టర్‌తో 8 ఓమ్స్ స్పీకర్‌కు వచ్చేది 9 వాట్లు. 24 వోల్టులైతే 36. అంటే పాత రౌటర్ అడాప్టర్ తగిలించి 82 డెసిబెల్ స్పీకర్ నడిపితే పాట మధ్యలోనే గొంతు పగులుతుంది.

ఇంతవరకూ సులువే. చాలామంది బోర్లాపడేది డ్రైవర్ డేటాషీట్‌లోని సెన్సిటివిటీని స్పీకర్ సెన్సిటివిటీ అనుకున్నప్పుడు. డ్రైవర్‌ను విశాలమైన పలక మీద బిగించి కొలుస్తారు. మనం బిగించేది 20 సెంటీమీటర్ల వెడల్పు పెట్టెకు. 115ను వెడల్పు మీటర్లతో భాగిస్తే వచ్చే 575 హెర్ట్జ్ అటూ ఇటుగా మొదలై, కింది శబ్దం పెట్టె చుట్టూ వెనక్కి జారిపోతుంది. సిద్ధాంతంలో నష్టం 6 డెసిబెల్, గోడకు దగ్గరగా పెడితే 3, 4. దీన్ని సరిదిద్దాలంటే, బేస్ పలికే వూఫర్‌కూ పై స్వరాలు పలికే ట్వీటర్‌కూ శబ్దాన్ని పంచే క్రాసోవర్ సర్క్యూట్ పై శబ్దాన్ని అంతమేర తగ్గించాలి. అందుకే కాగితం మీద 88 ఉన్న వూఫర్, పెట్టెలోకి వచ్చేసరికి 84 స్పీకర్ అవుతుంది. క్రాసోవర్‌లో ఈ దిద్దుబాటు లేని డిజైన్లో గాయకుడి గొంతు సన్నబడి, తాళాలు చెవిలో గుచ్చుకుంటాయి.

బేస్ మోత వాట్లతో రాదు, గాలిని ఎంత తోస్తే అంత వస్తుంది. 5 అంగుళాల వూఫర్ కోన్ వైశాల్యం సుమారు 90 చదరపు సెంటీమీటర్లు. అది ముందుకూ వెనక్కూ 4 మిల్లీమీటర్ల చొప్పున కదిలితే తోసేది 36 ఘన సెంటీమీటర్ల గాలి. మూసిన పెట్టెను గోడ దగ్గర పెడితే దానితో మీటరు దూరంలో 100 హెర్ట్జ్ వద్ద 100 డెసిబెల్ వస్తుంది. 50 హెర్ట్జ్ వద్ద 88 మాత్రమే, ఎందుకంటే ఫ్రీక్వెన్సీ సగమైతే అదే మోతకు కోన్ నాలుగింతలు కదలాలి. 4 అంగుళాలదైతే ఇంకో 7, 8 డెసిబెల్ తక్కువ. 6 అంగుళాలు దాటితే 5 దాకా ఎక్కువ. మన గదికి 5 లేదా 6 అంగుళాల వూఫర్ అనడానికి ఇదే లెక్క.

పెట్టెలో బేస్ లెక్కలు ఇలా కాగితం మీద తేలడానికి ఇద్దరికి రుణపడి ఉన్నాం. ఆస్ట్రేలియా ఇంజినీరు నెవిల్ థీల్ 1961లో రాసిన వ్యాసం, 1970ల తొలినాళ్లలో రిచర్డ్ స్మాల్ దాన్ని విస్తరించిన వ్యాసాలు ఆ లెక్కలకు పునాది. డేటాషీట్లలో కనిపించే ఎఫ్ఎస్, క్యూటీఎస్, వ్యాస్ అనే అంకెలు వారివే. అవి బేస్ వరకే చెబుతాయి. వూఫర్, ట్వీటర్ కలిసే చోట ఏం జరుగుతుందో అవి చెప్పవు. అసలు చిక్కు అక్కడే.

డెన్మార్క్‌కు చెందిన ట్రోయెల్స్ గ్రావెసెన్, అమెరికాకు చెందిన పాల్ కార్మొడీ లాంటివారు ఆ చిక్కు విప్పేందుకు కొలిచి, సరిచేసి, మొత్తం వివరాలతో బయటపెట్టిన డిజైన్లు ఎన్నో ఉన్నాయి. కార్మొడీ 'ఓవర్‌నైట్ సెన్సేషన్స్' 4 అంగుళాల వూఫర్‌తో చేసిన చిన్న పెట్టె, తొలిసారి చేసేవారిలో దానికి మంచి పేరుంది. ఆ డ్రైవర్లు బయటి నుంచి తెప్పించుకోవాలి, రవాణా, సుంకం కలుస్తాయి. అప్పుడే ఉప్పల్ నుంచి బస్సెక్కి కోఠి గుజరాతీ గల్లీకి వెళ్లాలనిపిస్తుంది. అక్కడి దుకాణదారు కౌంటర్ మీద అదే సైజు వూఫర్ పెట్టి "సేమ్ సైజ్, సేమ్ వాట్స్ భాయ్, ఏం ఫరక్ పడదు" అంటారు. ఆయన అబద్ధం చెప్పడం లేదు. సైజూ వాట్లూ నిజంగానే ఒకటే. డిజైన్ ఆధారపడింది ఆ రెండింటి మీద కాదు.

చిన్న ఉదాహరణ. ట్వీటర్‌కు 4.7 మైక్రోఫారడ్ కెపాసిటర్ ఒకటి కట్టి పంపడం పాత అలవాటు. ట్వీటర్ 8 ఓమ్స్ అయితే అది 4,200 హెర్ట్జ్ దగ్గర కోస్తుంది. 4 ఓమ్స్ ట్వీటర్ పెడితే అదే కెపాసిటర్ 8,500 దగ్గర కోస్తుంది. మధ్యలో ఒక సప్తకం మాయం. రెడీమేడ్ క్రాసోవర్ బోర్డు మీద రాసిన హెర్ట్జ్ కూడా ఇంతే, ఏ డ్రైవర్‌కని అడిగితే జవాబు ఉండదు. ఒకరి కళ్లద్దాలు ఇంకొకరు పెట్టుకున్నట్టు.

మరోటి కంటికి కనబడదు. వూఫర్, ట్వీటర్ 2,500 హెర్ట్జ్ దగ్గర కలుస్తాయనుకుందాం. ఆ తరంగం పొడవు 13.7 సెంటీమీటర్లు. మార్చిన ట్వీటర్ శబ్దకేంద్రం పాతదానికన్నా 2 సెంటీమీటర్లు వెనక ఉంటే ఫేజ్ తేడా 52 డిగ్రీలు. రెండు డ్రైవర్ల మధ్య దూరం 14 సెంటీమీటర్లయితే, రెండూ చక్కగా కలిసే దిశ 8 డిగ్రీలు పైకి లేస్తుంది. రెండు మీటర్ల దూరంలో అది దాదాపు అడుగు. డిజైనర్ మీ చెవికి గురిపెట్టింది మీ తల మీదుగా పోతుంది.

కాబట్టి తొలి డిజైన్ ఎంచుకునేటప్పుడు నేను చూసేవి ఇవి: ఎదురుగా, పక్క నుంచి కొలిచిన గ్రాఫులు, ఇంపిడెన్స్ గీత, క్రాసోవర్ భాగాల విలువలు, పెట్టె లోపలి కొలతలు. ఫొటోలూ పొగడ్తలే ఉంటే వద్దు. ఆ డ్రైవర్లు దొరుకుతాయో లేదో తేలాకే ప్లైవుడ్ జోలికి వెళ్లాలి. శబ్దాన్ని మూడు భాగాలుగా పంచే త్రీ-వే తొలిసారికి అక్కర్లేదు.

పెట్టె పని మన దగ్గర సులువు. 20 వెడల్పు, 32 ఎత్తు, 28 సెంటీమీటర్ల లోతున్న పెట్టెను 18 మిల్లీమీటర్ల ప్లైతో చేస్తే లోపల 11.4 లీటర్లు. జతకు సుమారు 8 చదరపు అడుగులు, అంటే ఎనిమిది బై నాలుగు షీటులో పావు వంతు. రంపం వృథాకు కలుపుకుని సగం షీటు తీసుకోవచ్చు. వానాకాలం తేమకు అంచులు ఉబ్బే ఎండీఎఫ్ కన్నా తేమను తట్టుకునే ఐఎస్ 710 ప్లై నయం. అదే బయటి కొలతలతో 12 మిల్లీమీటర్ల ప్లై వాడితే లోపల 13.3 లీటర్లు అవుతుంది, డిజైన్ మారిపోయినట్టే. కార్పెంటర్‌కు లోపలి కొలతలు చెప్పాలి.

బేస్ కోసం పెట్టెకు బిగించే గాలి గొట్టం (పోర్ట్) దగ్గర ఇంకో తిరకాసు ఉంది. 10 లీటర్ల పెట్టెకు 5 సెంటీమీటర్ల లోపలి వ్యాసం, 20 సెంటీమీటర్ల పొడవు గొట్టమైతే 50 హెర్ట్జ్‌కు శ్రుతి అవుతుంది. హార్డ్‌వేర్ షాపులో "50 ఎంఎం పీవీసీ" అంటే అది బయటి వ్యాసం. లోపల 45 ఉంటే శ్రుతి 45 హెర్ట్జ్‌కు దిగుతుంది. వెర్నియర్ పెట్టి కొలిచి, పొడవును 16 సెంటీమీటర్లకు దగ్గరగా కోస్తే మళ్లీ 50కి వస్తుంది. బేస్ మరీ ఎక్కువైతే గొట్టంలో స్పాంజి కుక్కి చూడవచ్చు. 56 హెర్ట్జ్ మోత ఉన్న గదిలో చాలామంది దాన్ని మళ్లీ తీయరు.

బయటి డ్రైవర్లు ఎంతకీ దొరక్కపోతే క్రాసోవర్ లేని దారి ఒకటుంది: 4 అంగుళాల ఫుల్‌రేంజ్ డ్రైవర్ ఒక్కటే. ఎలాంటి డ్రైవర్ దొరికినా దాని డేటాషీట్ నుంచి పెట్టె లెక్క మనమే వేసుకోవచ్చు. పెట్టె వెడల్పు నష్టాన్ని ఒక కాయిల్, దానికి సమాంతరంగా ఒక రెసిస్టర్‌తో సరిచేస్తారు. మోత తక్కువ. పైగా సుమారు 2,700 హెర్ట్జ్ దాటాక శబ్దం పక్కలకు పరుచుకోక సూటిగా ముందుకే పోతుంది. ఒక్కరే కుర్చీ వేసుకుని వింటే అది లోటనిపించదు. ముగ్గురు కూర్చునే సోఫా అయితే చివరల ఉన్న ఇద్దరికీ తాళాల మెరుపు అందదు, వాళ్ల కోసం టూ-వే డ్రైవర్లు తెప్పించుకోవడమే మేలు.