రక్తపిశాచి పుట్టుక
రక్తపిశాచి నవలాకారుల కల్పన మాత్రమే కాదు. 1897లో బ్రామ్ స్టోకర్ ‘డ్రాక్యులా’ను ప్రకటించుటకు చాల ముందే దానిని నమ్మి వణికిన పల్లెలు గలవు. 1725లో, ఆస్ట్రియా పాలన క్రిందనున్న సెర్బియాలోని కిసిల్యెవో గ్రామమున ఎనిమిది దినములలో తొమ్మండుగురు మరణించిరి. అంతకుముందు చనిపోయిన పీటర్ అను గ్రామస్థుని జనులు శంకించి, గోరీ త్రవ్వి చూచిరి. నోట నెత్తురు, క్రొత్తగా పెరిగినట్లున్న గోళ్లు! క్రుళ్లు శవమున నిట్టి మార్పులు సహజములని యెరుగక, గుండెలో కొయ్యమేకు దింపి దహించిరి. తరువాత మొరేవియాలోను ఇట్టిదే జరుగగా, రాణి మేరియా థెరీసా తన వైద్యుడు వాన్ స్వీటెన్ సలహాపై 1755లో ఈ ఆచారమును నిషేధించెను. రోగకారణము తెలియనిచోట జనులు దోషిని వెదకుదురు. బదులు చెప్పలేని శవముకంటె సులభముగా దొరకు దోషి యెవడు?