కుందేళ్ళకు తాజా కూరగాయల మేత

పెంపుడు కుందేలు (శాస్త్రీయ నామము: ఒరిక్టోలాగస్ కునిక్యులస్) ఐబీరియా ద్వీపకల్పమునకు చెందిన ఐరోపా అడవి కుందేలు సంతతి. మన పొలాలలో కనిపించే చెవులపిల్లి (లెపస్ నైగ్రికోలిస్) వేరొక జాతి. దానిని పట్టి పెంచుట 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టము ప్రకారము నిషిద్ధము. ఇండ్లలో పెంచే కుందేళ్ళకు ఆకుకూరలు, కూరగాయలు మేపే విధానము ఈ వ్యాస విషయము.

జీర్ణక్రియ

కుందేలు శాకాహారి. మేతలోని ముతక పీచు పేగుల కదలికకు తోడ్పడి గట్టి పెంటికలుగా వెలుపలికి పోతుంది. మెత్తని భాగము అంధనాళములో సూక్ష్మజీవుల వలన పులిసి, మెత్తని గుళికలుగా వెలువడుతుంది. వీటిని కుందేలు తిరిగి తింటుంది. చూచువారికి ఇది రోతగా తోచినా రోగము కాదు. బి విటమిన్లు, మాంసకృత్తులు దానికి ఈ విధముగా కూడా లభిస్తాయి. దంతములు జీవితాంతము పెరుగుతూనే ఉంటాయి, గడ్డి నమలుట వలననే సరిగా అరుగుతాయి. కావున ప్రధానాహారము గడ్డియే, కూరగాయలు అనుబంధము మాత్రమే. ఎండుగడ్డి అనగా వరిగడ్డి అని భావించరాదు, అందులో మాంసకృత్తులు బహు తక్కువ. పచ్చిగా కోసి ఎండబెట్టిన గరిక మేలు.

పెట్టదగినవి, పెట్టరానివి

కొత్తిమీర, పుదీనా, ముల్లంగి ఆకు, క్యారెట్ ఆకు మంచివి. పాలకూర, తోటకూరలలో ఆక్సలేట్లు అధికము కనుక అప్పుడప్పుడు కొద్దిగా పెట్టవలెను. క్యాబేజీ కొన్నిటికి కడుపుబ్బరము కలిగిస్తుంది. కుందేలుకు క్యారెట్ దుంపయే ఆహారమనే నమ్మకమునకు 1940లో తెరకెక్కిన బగ్స్ బన్నీ వంటి బొమ్మల చిత్రములు చాలా వరకు కారణము. నిజమునకు దుంపలో చక్కెర ఎక్కువ. చిన్న ముక్క చాలును. ఉల్లి, వెల్లుల్లి, బంగాళాదుంప మొలకలు, టమాటా ఆకులు, అవకాడో ఎన్నడూ పెట్టరాదు.

మేపే పద్ధతి

పిల్లలకు సుమారు 12 వారాల వయసు నుండి, ఒక్కొక్క ఆకును కొద్దికొద్దిగా అలవాటు చేయవలెను. పెంటికలు పలుచబడినచో ఆ ఆకును మానివేయవలెను. పెద్ద కుందేలుకు కిలో బరువుకు రోజుకు దాదాపు ఒక కప్పు తరిగిన ఆకుకూర సరిపోతుంది. పురుగుమందుల అవశేషాలు పోవునట్లు బాగుగా కడగవలెను. వాడి కుళ్ళిన ఆకులు, వంటింటి మిగుళ్ళు పనికిరావు. కుందేలు వాంతి చేసుకొనలేదు, కాబట్టి తిన్న చెడు మేత వెనుకకు రాదు.

కుందేలు 12 గంటల పాటు మేత ముట్టకున్నా, పెంటికలు వేయకున్నా పేగుల కదలిక ఆగినట్లు అనుమానించి, తెల్లవారు వరకు వేచియుండక పశువైద్యునికి చూపించవలెను.