సెలవుల్లో ఆపరేషన్ ఉందా? రక్తపరీక్ష ముందే చేయించండి



ఏప్రిల్ దగ్గర పడుతుంటే క్లాస్ టీచర్ల దగ్గరికి ఒక రకం లెటర్లు వస్తుంటాయి. బాబుకు టాన్సిల్స్, పాపకు చెవి ఆపరేషన్. సెలవుల్లో చేయిస్తే చదువు పోదని మీ ఆలోచన, మంచిదే. బోధన్, వర్ని వైపు నుంచి నిజామాబాద్‌కో హైదరాబాద్‌కో వెళ్లాలి కాబట్టి బండి, డబ్బు, తోడు ఉండేవాళ్లు అన్నీ ముందే చూసుకుంటారు. రక్తపరీక్ష ఒక్కటే ముందురోజుకు మిగిలిపోతుంది.

ఆ రోజు హిమోగ్లోబిన్ 9 అని తేలితే? ఆపరేషన్ వాయిదా వేయాలి, లేదా రక్తం సిద్ధంగా పెట్టుకుని ముందుకెళ్లాలి. అదే నెలన్నర ముందు తెలిస్తే మందులతో సరిచేసుకునే అవకాశం ఉంటుంది. ఐరన్ వేసుకోగానే రక్తం పెరగదు. ఎముక మజ్జలో కొత్త ఎర్రకణాలు తయారు కావాలి. ఒక గ్రాము పెరగడానికే సాధారణంగా రెండు మూడు వారాలు పడుతుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కలో 5–11 ఏళ్ల పిల్లలకు 11.5, 12–14 ఏళ్ల వారికి 12 గ్రాములకన్నా తక్కువ ఉంటే రక్తహీనతే.

"మావాళ్లు బాగానే తింటారు మేడమ్" అంటారు. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో తెలంగాణలో 15–49 ఏళ్ల మహిళల్లో 57.6 శాతం మందికి రక్తహీనత ఉంది. అందుకే ఈ మాట అమ్మలకు కూడా. అధిక రక్తస్రావం వల్లే గర్భసంచి ఆపరేషన్‌కు వెళ్తున్నవారికి హిమోగ్లోబిన్ ముందే తగ్గి ఉండవచ్చు. అయితే మెడికల్ షాపులో మీరే ఐరన్ కొనకండి. తలసీమియా లక్షణం ఉన్నవారికి లోపం ఐరన్‌ది కాకపోవచ్చు.

ఇంకో సంగతి. అడ్మిషన్ ఫారంలో మీరు రాసిన బ్లడ్ గ్రూపునే మేం ఐడీ కార్డు మీద వేస్తాం. దాన్ని చూసి ఏ ఆసుపత్రీ రక్తం ఎక్కించదు. మళ్లీ గ్రూపు చూసి, దాత రక్తంతో కలిపి సరిచూస్తుంది. ఈ ఒక్క పరీక్ష మాత్రం మరీ ముందుగా చేస్తే లాభం లేదు. గత మూడు నెలల్లో రక్తం ఎక్కించుకున్నవారిలో కొత్త యాంటీబాడీలు రావచ్చు కాబట్టి వారి శాంపిల్ మామూలుగా మూడు రోజులే పనికొస్తుంది.

రిపోర్టు అన్నీ చెప్పదు కూడా. పన్ను తీయించినప్పుడు రక్తం చాలాసేపు ఆగలేదా? తరచూ ముక్కు నుంచి కారుతుందా? ఇంట్లో ఇంకెవరికైనా అలా ఉందా? రక్తం గడ్డకట్టడంలో కొన్ని లోపాలు ఉన్నా మామూలు పరీక్షలు నార్మల్‌గానే రావచ్చు. టాన్సిల్స్ డాక్టర్‌కు ఇవి తప్పక చెప్పండి. తాతయ్య, నానమ్మల ఆపరేషన్ అయితే గత మూడు నెలల షుగర్ సగటు చెప్పే హెచ్‌బీఏ1సీ గురించి అడగండి. రక్తం పలచబడే మాత్రలు వాడుతుంటే చెప్పండి, సొంతంగా ఆపకండి.

అలాగని పెద్ద ప్యాకేజీలు కొననక్కర్లేదు. ఆరోగ్యంగా ఉన్న పిల్లలకు చిన్న ఆపరేషన్ అయితే చాలా పరీక్షలు అవసరం ఉండవు. ఏవి కావాలో సర్జన్, మత్తు డాక్టర్ చెబుతారు. మే మొదటి వారంలో ఆపరేషన్ అనుకుంటే మార్చి మధ్యలోనే వాళ్లను కలవండి. వార్షిక పరీక్షల రోజులైనా ఫర్వాలేదు. హిమోగ్లోబిన్‌కు పరగడుపు అక్కర్లేదు, టిఫిన్ తిని శాంపిల్ ఇచ్చి నేరుగా స్కూల్‌కు రావచ్చు.