కొప్పు ఎక్కే ముందు

తొలకరికి ముందే మా కోనసీమ పెంకుటిళ్ల మీది చెత్త, నాచు తీయాలి. ఈ పనిలో నేను మొదట చూసేది దగ్గర్లో కరెంటు తీగలున్నాయా అని. తడి కప్పు ఎక్కను, నాచు మీద కాలు నిలవదు. నిచ్చెన చూరు దాటి మూడడుగులు పైకి ఉండాలి. వాలు మీద ఇంకో నిచ్చెన పరిచి, మోకుతో అవతలి వైపు చెట్టుకు బిగిస్తాను. బరువంతా దాని మీదే పడాలి. 1865లో మంగళూరులో బాసెల్ మిషన్ వాళ్లు తయారీ మొదలుపెట్టిన ఈ పెంకు, నడిమధ్యన అడుగేస్తే విరుగుతుంది. నా నడుముకు బెల్టు, దానికి వేరే తాడు.

పాత సిమెంటు రేకులంటే మాత్రం నాకు భయం. గట్టిగా కనిపిస్తూనే ఒక్కసారిగా పగులుతాయి. ఎవరు బతిమాలినా వాటి మీద కాలు పెట్టను. ఆస్‌బెస్టాస్ ఉన్నవైతే గీకకూడదు కూడా, ఆ ధూళి ఊపిరితిత్తులకు చేటు.

ఊడవడం ఎప్పుడూ కొప్పు నుంచి చూరుకే. ఎదురు ఊడిస్తే చెత్త పెంకుల సందుల్లోకి దూరి, వానకు ఇల్లు కారుతుంది.