జడకు మూలం

కూచిపూడి భామాకలాపంలో సత్యభామ అభిమానమంతా ఆమె జడలోనే ఉన్నది. మన ఆడపిల్లల అభిమానమూ అట్టిదే. జడ వెండ్రుకలను చిక్కుపడకుండా, తెగకుండా కాపాడుతుంది. కాని బిగువు మితిమీరితే కుదుళ్లకే చేటు. బిగించి కట్టిన జుట్టు నుదుటి అంచున రాలిపోవడాన్ని 1907లోనే గ్రీన్‌లాండు స్త్రీలలో వైద్యులు గుర్తించారు. ఆదిలోనే సడలిస్తే తిరిగి మొలుస్తుంది. ఏళ్లతరబడి లాగితే కుదురు నశించి, మరి మొలవదు.

మన విశాఖలో మరొక చిక్కు కలదు: సముద్రపుగాలి తేమ. తలంటుకొని, తడి ఆరకముందే రెండు జడలు మడిచి రిబ్బను బిగించి బడికి పరుగెత్తే బాలికలకు చుండ్రు, దురద ముదురుతాయి. కుంకుడురసంతో మాడును మునివేళ్లతో మృదువుగా రుద్ది, బాగా కడిగి, పూర్తిగా ఆరనిచ్చి, వదులుగా అల్లాలి, రాత్రి విప్పాలి, పాపిట మారుస్తుండాలి.

ఉపాధ్యాయులారా! జడతీరును శాసించే ముందు, ఆ పిల్ల నుదుటి అంచును ఒక్కమారు చూడండి.